జానెడుకు వేలెడు

ప్రతి సంవత్సరము మన పాఠశాలలలో విజ్ఞాన ప్రదర్శనములు జరుగుచున్నవి. బల్లలమీద తెల్లని దుప్పట్లు పరచి, విద్యార్థులు తెచ్చిన నమూనాలను వానిపై అమర్చి, పెద్దలను పిలిచి చూపుదురు. వంతెనలు, గాలిమరలు, వాననీటి తొట్లు మొదలైన వానితోపాటు కార్లును లారీలును బస్సులును ఆ బల్లలపై తప్పక కనబడును. చూడవచ్చినవారికి ముచ్చట గొలుపునవియు ఇవియే. కాని వీనిలో విద్యార్థి తన చేతులతో చేసినవి యెన్ని, ముందునాటి సాయంకాలము అంగడిలో కొని తెచ్చినవి యెన్ని అను ప్రశ్నను మనము సాధారణముగా వేయము. ఆ ప్రశ్న వేయవలెనని ఉపాధ్యాయ సోదరులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నిజమైన బండిని కొలిచి, ఆ కొలతలన్నిటిని ఒకే పాలునకు తగ్గించి, చిన్న బండిని నిర్మించి నలుగురికి చూపుట అనేక దేశములలో పిల్లలును పెద్దలును కూడ అలవరచుకొన్న వ్యాపకము. మనవారు దీనిని బొమ్మలాట యని తేలికగా త్రోసివేయుదురు. బొమ్మలాటయే, సందేహము లేదు. ఐతే ఈ ఆటకు ఒక కఠిన నియమము కలదు: ఇందు అబద్ధమాడరాదు. చక్రమును ఇరువది నాలుగవ పాలునకు తగ్గించినవాడు తలుపును, అద్దమును, దీపమును, వెనుక కట్టిన త్రాటి లావును గూడ ఆ పాలునకే తగ్గింపవలెను. ఒక్కచోట లెక్క తప్పినను బండి యంతయు వికారముగా కనబడును. ఇంత నిక్కచ్చియైన ఆట మన పిల్లలకు వేరొకటి కలదా యని నాకు సందేహము.

ఈ వ్యాపకములో వాడుకలోనున్న అంకెలు చూచువారికి చిత్రముగా తోచును. అడుగుకు అంగుళము లెక్కన చేసినది పండ్రెండవ పాలు. అడుగుకు అర అంగుళము లెక్కన చేసినది ఇరువది నాలుగవ పాలు. ఈ రెండును సులభముగా బోధపడును. నలువది మూడవ పాలు అను మరియొక లెక్క యున్నది. అది ఇంగ్లండులోని బొమ్మ రైళ్ల నుండి వచ్చినది. అచ్చట అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్కన రైళ్లు చేయుచుండగా, ఆ రైలుస్టేషనుల ప్రక్కన నిలుపుటకు తగిన కార్లు కావలసివచ్చెను. లివర్‌పూలు నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో సంస్థ 1934 నుండి డింకీ టాయ్స్ అను పేరుతో అట్టి బండ్లను అమ్మెను. ఆ అంకె నేటికిని నిలిచియున్నది.

మ్యాచ్‌బాక్స్ బొమ్మల కథ ఉపాధ్యాయులకు మరింత రుచించును. లండనులోని లెస్నీ సంస్థ భాగస్వామియైన జాక్ ఓడెల్ కుమార్తె చదువు పాఠశాలలో, అగ్గిపెట్టెలో పట్టు బొమ్మలు తప్ప తక్కినవి తేరాదని నియమముండెనట. తండ్రి ఆ నియమమును ఉల్లంఘింపలేదు. ఇత్తడితో ఒక చిన్న రోడ్డురోలరును చేసి అగ్గిపెట్టెలో పెట్టి పంపెను. అంతటితో తోటిపిల్లలందరికి అట్టివి కావలసివచ్చినవి. 1953 నుండి ఆ బొమ్మలు లోకమంతట వ్యాపించినవి. బడి పెట్టిన నిషేధము నుండి ఒక పరిశ్రమ పుట్టుట వినోదమే. కాని ఇందొక లోపమును గమనింపవలెను. పెట్టెయే కొలత యైనపుడు పాలు ఎగిరిపోవును. రెండంతస్తుల బస్సును, చిన్న కారును ఒకే పెట్టెలో పట్టించినచో రెండును ఒకే పొడవున నుండును. నేడు మన అంగళ్లలో వ్రేలాడు బొమ్మలను చూడుడు: లారీ పొడవెంతయో ఆటోరిక్షా పొడవంతయే! వానితో ఆడు శిశువునకు హాని లేదు. వానిని ప్రదర్శనమున పెట్టి నమూనా యనుటయే తగదు.

బొమ్మబండిని గూర్చిన మాట వచ్చినపుడు తెలుగు బోధించువాడు శూద్రకుని మృచ్ఛకటికమును తలపకుండ నుండలేడు. ఆ నాటకమునకు పేరే మట్టిబండి. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారుబండితో ఆడి, అది వెళ్లిపోగానే, దాసి రదనిక చేసియిచ్చిన మట్టిబండి తనకు వలదని యేడ్చెను. వసంతసేన మనసు కరిగి, బంగారుబండి చేయించుకొమ్మని తన నగలన్నియు ఆ మట్టిబండిలో నింపెను. ఆమె ఔదార్యమును మనము తరగతులలో కొనియాడుదుము, కొనియాడదగినదే. కాని ఆ నగలే తరువాత న్యాయస్థానమున చారుదత్తునిపై నేరమునకు సాక్ష్యములై అతనిని వధ్యస్థానము వరకు నడిపించినవి. రదనిక చేతిపనిని మెచ్చుకొన్నవారు ఆ నాటకమున ఒక్కరును లేరు. మన ప్రదర్శనములలో ఆమెకు నేటికిని బహుమతి వచ్చుట లేదు.

మట్టిబండిని చులకన చేయరాదనుటకు మరియొక కారణము కలదు. హరప్పా, మొహెంజొదారో త్రవ్వకములలో కాల్చిన మట్టితో చేసిన బొమ్మబండ్లు, చక్రములు విశేషముగా దొరకినవి. ఆ పట్టణముల వీథులలో తిరిగిన నిజమైన కొయ్యబండ్లు మట్టిలో కలిసిపోయినవి. నాలుగు వేల యేండ్లకు పూర్వము ఆ జనులు ఎట్టి బండిని కట్టిరో మనకు ముఖ్యముగా తెలియజేయుచున్నవి ఆ పిల్లల యాటవస్తువులే. బండి పోయినది, బొమ్మ మిగిలినది.

ఈ మాట చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల వారికి నేడు చెప్పవలసిన యవసరమున్నది. హైదరాబాదు నుండి బిజాపురమునకు పోవు బాట ఈ రెండు ఊళ్ల మీదుగానే పోవుచున్నది. పోలీసు అకాడమీ కూడలి నుండి మన్నెగూడ వరకు గల 46 కిలోమీటర్ల దారికి ఇరుప్రక్కల తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉండినవి. బాటను నాలుగు వరుసలుగా విస్తరింపవలెనని నిర్ణయమైనపుడు ఆ చెట్ల విషయము జాతీయ హరిత న్యాయస్థానము వరకు పోయినది. బాట వెడల్పు కావలసినదే, చెట్లును కావలసినవే. ఆ వివాదములోనికి నేను దిగను. నేను చెప్పదలచినది ఆ నీడలో నడచిన బండ్లను గూర్చి.

1932లో నిజాము ప్రభుత్వ రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించిరి. అవి ఆల్బియన్ బస్సులు. వానికి ముందును, వెనుకను, చాలకాలము ప్రక్కప్రక్కనను ఎద్దుబండ్లు నడచినవి. తరువాత ముక్కు పొడవైన లారీలు, ట్రాక్టరు ట్రాలీలు, మూడు చక్రముల ఆటోలు వచ్చినవి. 2005లో టాటా ఏస్ వచ్చిన పిమ్మట టమాటలు, క్యారెట్లు, పూలబుట్టలు దానిలోనే నగరమునకు చేరుచున్నవి. దానికి జనులు చిన్న ఏనుగు అని పేరు పెట్టిరి. మొయినాబాదు దాటగానే కళాశాలల పసుపుపచ్చ బస్సులు. చిలుకూరు మలుపున భక్తుల కార్లు. ఈ బాటపై ఒక దినము కూర్చుండి వ్రాసికొన్నచో తొంబదియేండ్ల వాహనచరిత్ర సగము కనబడును. తక్కిన సగము పాత ఇండ్ల వెనుక, చింతచెట్ల క్రింద, చక్రములూడి పడియున్నది. దానిని కొలిచి పెట్టుకొనువారెవరు? పురావస్తుశాఖ వారు చేవెళ్ల ఎద్దుబండికొరకు రారు. మన పిల్లలే కొలువవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతపు పాఠశాల యొకదానిలో జరిగిన ప్రదర్శనమునకు నేనును ఒక న్యాయనిర్ణేతగా పోతిని. నున్నని రంగుతో, మీట నొక్కగానే దీపములు వెలుగుచు పరుగెత్తు లారీ యొకటి బల్ల నడుమ నున్నది. దాని క్రింది భాగమున తయారీదారు ముద్ర కూడ చెక్కుచెదరక యున్నది. బల్ల చివర జొన్నబెండుతోను, వెదురు పుల్లలతోను చేసిన ఎద్దుబండి యొకటి కలదు. రంగు లేదు. ఒక చక్రము కొంచెము సొట్ట. ఐనను దూరమునుండి చూడగనే నిజమైన బండిని మిట్టమీద నుండి చూచినట్లుండెను. ఎనిమిదవ తరగతి బాలుడు ప్రక్కన నిలుచుండెను.

"చక్రం ఇంతే ఉండాలని నీకెట్లా తెలిసింది, బాబూ?" అని యడిగితిని.

"మా తాత బండి కొలిసిన సార్. జానెడుకు ఏలెడు లెక్క."

జానెడుకు వేలెడు! మన శిల్పశాస్త్రములలో అంగుళమనగా వ్రేలి వెడల్పు. వితస్తి యనగా జాన. జానకు పండ్రెండు అంగుళములు. అనగా ఆ బాలుడు పండ్రెండవ పాలున బండిని కట్టెను. టేపు లేదు, పుస్తకము లేదు, అంతర్జాలములో చూచినది లేదు. తన చేయియే కొలబద్ద. పాశ్చాత్యులు అడుగుకు అంగుళమని చెప్పు లెక్కయు ఇదియే కదా. ఈ సంగతిని తోటి న్యాయనిర్ణేతలకు వివరించితిని. వారు విని నవ్విరి. బహుమతి మీట నొక్కిన లారీకే పోయెను. ఆ బాలుడు తన బండిని పాత తువ్వాలలో చుట్టుకొని యింటికి పోయెను.

ఆ దినమున వాడు మరియొకటి కూడ చెప్పెను, దానిని నేను మరువలేదు. "పూటీ ఇరిగింది సార్, మల్ల జేసిన" అనెను. పూటీ యనగా చక్రపు వలయమునందలి వంపుకొయ్య. నా కళాశాల విద్యార్థులను అడిగిచూచితిని. నలువది మందిలో ముగ్గురికి కూడ ఆ మాట తెలియదు. ఆకులు, ఇరుసు, సీల, నొగ, కాడి: ఇవి వడ్రంగి నోట బ్రదికియున్న తెలుగుమాటలు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును వెలువరింప నారంభించినపుడు, పండితులు ఊరూర తిరిగి ఇట్టి మాటలనే సేకరించిరి. అట్టి పనిని పండ్రెండేండ్ల బాలుడు తనకు తెలియకయే చేయగలడు. ఏలయన పేరు తెలియని అంగమును వడ్రంగితో చెప్పి చేయించుకొనుట సాధ్యము కాదు. లారీ విషయమునను ఇంతే. కమాను పట్టీలు, డాలా, ఛాసీ, తాడిపత్రి: ఇవన్నియు మన మెకానికులు మనకిచ్చిన మాటలు. టార్పాలిన్ అను ఇంగ్లీషుమాట తాడిపత్రి యైన తీరును భాషాశాస్త్రపు తరగతిలో చెప్పినచో పిల్లలు నిద్రపోరు.

లారీ యనగానే అది ఎక్కడనో పెద్ద కర్మాగారమున పుట్టినదని పిల్లలు తలంతురు. సగమే నిజము. ఛాసీ కర్మాగారమునుండి వచ్చును. దానిపై బాడీని కట్టు పనివారు విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల కలరు. కొయ్యను కోసి, రేకును మలిచి, రంగులు వేసి, వెనుక నెమలిని చిత్రించు ఆ పనివారికిని, అచ్చటికి సమీపముననే గల కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండితోను రంపపుపొట్టుతోను అతుకులు వేసి ఎద్దుబండ్లను, అంబారీ ఏనుగులను చేయు పనివారికిని చుట్టరికము కలదని నా యభిప్రాయము. ఒకరు పెద్దబండిపై చిత్రమును నిలుపుదురు. ఒకరు బండినే చిత్రముగా చేయుదురు. హైదరాబాదులోని బహదూర్‌పురాలో 2010లో కార్ల ప్రదర్శనశాలను తెరచిన సుధాకరుగారి మార్గము వేరు. కెమెరా, క్రికెట్ బ్యాటు, పెన్ను మొదలగు చిన్న వస్తువులను పెద్దవి చేసి, చక్రములమర్చి నడిపించిరి. ఆయన చేసిన మూడు చక్రముల సైకిలు ఎత్తునందు 2005లో గిన్నిసు పుస్తకమునకెక్కినది. పాఠశాలలవారు పిల్లలను అచ్చటికి వినోదమునకే తీసికొనిపోవుచున్నారు. కొలత మారినపుడు వస్తువుయొక్క స్వభావమే మారునని చూపుటకు అంతకంటె మంచి చోటు ఈ నగరమున లేదు.

గణితోపాధ్యాయులతో ఒక మాట. ఇరువది నాలుగవ పాలున చేసిన లారీ పొడవు నిజమైనదానిలో ఇరువది నాలుగవ వంతు. దానికి పూయు రంగు 24 వంతులు తక్కువ కాదు, 576 వంతులు తక్కువ. అదే పదార్థముతో చేసినచో బరువు 13,824 వంతులు తక్కువ. అనగా సరుకుతో సహా పదునారు టన్నుల లారీకి నమూనా బరువు కిలోకు కొంచెము పైన నుండును. వర్గము, ఘనము అను మాటలు నల్లబల్లపై ఎన్నిసారులు వ్రాసినను బోధపడని పిల్లవానికి ఇది చేతిలో బోధపడును.

మారని సంగతియు ఒకటి కలదు. బరువును సరియైన చోట్ల అమర్చినచో, స్ప్రింగుల సంగతిని ప్రక్కన పెట్టినచో, నిలిచియున్న బండి ఎంత వాలున బోల్తాపడునో ఆ కోణము చిన్నబండికిని పెద్దబండికిని ఒకటే. ఈ ప్రాంతములో దీనిని ఆటగా మాత్రమే చెప్పుటకు మనస్సు ఒప్పదు. 2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ల మండలములోని మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొనగా పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ బాటననే మన పిల్లలు దినదినము బడికి పోవుచున్నారు. టిప్పరు నమూనాను ప్రదర్శనమున పెట్టుట యేమి బాగని యడుగువారుందురు. నేను పెట్టవలెననియే చెప్పుదును. కంకర అంచువరకు నింపినప్పుడు భారకేంద్రము ఎంత పైకి పోవునో, డ్రైవరు కూర్చున్న ఎత్తునుండి దారి ప్రక్కనున్న పిల్లవాడు కనబడునో కనబడడో, ఇవి కొలిచి చూచిన విద్యార్థి ఆ బండిని చూచి భయపడుటయే గాక దానినుండి ఎంత దూరమున నిలువవలెనో తెలిసికొనును.

ఇట్టి పనికి పెద్దలు పూనుకొన్నచోట ఏమి జరిగినదో చూడుడు. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన ఫిషర్ బాడీ విభాగమువారు 1930 నుండి 1968 వరకు విద్యార్థులకు నమూనాల పోటీలు నడిపిరి. మొదట నెపోలియను కాలపు రాజశకటమును చిన్నదిగా చేయుమనిరి; తరువాత పండ్రెండవ పాలున సొంతముగా ఊహించిన కారును చేయుమనిరి. మన బాలుని పాలునకే! గెలిచినవారికి బొమ్మలు గాక కళాశాల చదువులకు ధనమిచ్చిరి. 1947లో అట్లు గెలిచిన చక్ జోర్డాను తరువాత ఆ సంస్థలోననే చేరి, రూపకల్పన విభాగమునకంతకు అధిపతి యయ్యెను. ఇందు సంస్థకు లాభాపేక్ష లేదని నేననను. కార్లమ్ముకొనువారు తమ పేరు ఇంటింట వినబడవలెననియే కదా చేసిరి. అంతకంటె పెద్ద లోపము, ఆ పోటీ బాలురకు మాత్రమే. మన జిల్లాపరిషత్తు పాఠశాలలలో ఆ తప్పు చేయరాదు. ముగ్గులోని చుక్కల లెక్క తప్పని బాలికకు లారీ కొలత యెట్లు తప్పును?

ఖర్చు మాట వచ్చును. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, పూనాలో టాటావారి లారీల కర్మాగారమున పనిచేసిన అరవింద గుప్తాగారు 1978లో సెలవు పెట్టి హోషంగాబాదు పల్లెబడులలో విజ్ఞానశాస్త్రము నేర్పుటకు పోయిరి. అచ్చట సైకిలు వాల్వు గొట్టపు ముక్కలను అగ్గిపుల్లలకు తొడిగి ఆకృతులు నిర్మించు విధమును కనిపెట్టిరి. లారీలు చేసిన చేతులు అగ్గిపుల్లలను చేపట్టుటకు చిన్నతనపడలేదు. మనకు జొన్నబెండు కలదు, పాత చెప్పుల రబ్బరు కలదు, పుస్తకముల అట్టలు కలవు. తాటికాయలతో రెండు చక్రముల బండి చేసి తోసిన తరము ఇంకను బ్రదికియే యున్నది.

సమయము లేదనుట రెండవ ఆక్షేపణ. 2020 జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది తరగతుల వారికి సంచి లేని పది దినములను సూచించి, ఆ దినములలో వడ్రంగులు, కుమ్మరులు మొదలగు స్థానిక పనివారియొద్ద నేర్చుకొనవలెనని చెప్పినది. ఆ పది దినములను ఉపన్యాసములతో గడపకుండ, చేవెళ్లలోని వడ్రంగినో, మొయినాబాదులోని లారీ మెకానికునో ఒక పూట బడికి పిలువవచ్చును. లేదా పిల్లలనే వారి పాకకు నడిపింపవచ్చును. ప్రదర్శనమున ప్రతి బండి ప్రక్కన ఒక కాగితముండవలెను. ఏ బండిని, ఎవరి యింట, ఏ దినమున కొలిచిరి. ఏ పాలునకు తగ్గించిరి. ఏ అంగమునకు పనివారు ఏ పేరు చెప్పిరి. కాగితము లేని బండిని బల్లపై పెట్టనిండు. బహుమతి లెక్కలో మాత్రము చేర్చవలదు. న్యాయనిర్ణేతలలో ఒకరు బండ్లు కట్టు పనివారై యుండవలెను. మీట నొక్కిన లారీకిని జొన్నబెండు బండికిని గల భేదము అతనికి మనము చెప్పనక్కరలేదు.

ఒక తరగతివారు కలిసి పనిచేయ దలచినచో ఈ బాటలోని నూరు గజములను ఒక బల్లపై నిలుపవచ్చును: ఎద్దుబండి, ముక్కులారీ, ఆర్టీసీ బస్సు, చిన్న ఏనుగు. అడుగుకు అర అంగుళము లెక్కను నూరు గజములకు పండ్రెండున్నర అడుగుల పలక కావలెను. రెండు బల్లలు కలిపిన చాలును. మర్రిచెట్టును గూడ కొలిచియే చేయవలెను. నలువది అడుగుల చెట్టు ఇరువది అంగుళములగును. ఊడలకు గోగునార సరిపోవును.